ఆ 140 మంది ఏమన్నారు?

ప్రశ్న: నా మొదటి నవల వచ్చి ఎనిమిది నెలలైంది. మా అమ్మకు డిమెన్షియా వచ్చాక ఆరేళ్లు నేనే చూసుకున్నాను. ఆ అనుభవంలోంచి పుట్టిన కథ ఇది. కన్న కూతుర్ని గుర్తుపట్టలేని తల్లి రోజూ "ఎవరమ్మాయివి నువ్వు?" అని అడుగుతుంటే, కూతురు రోజుకో మనిషినని జవాబు చెబుతుంది. చిన్ననాటి స్నేహితురాలిగా నటించిన రోజున తల్లి ఒక రహస్యం బయటపెడుతుంది. సొంత డబ్బుతో 500 ప్రతులు వేయించాను. ఆవిష్కరణ సభ రోజున 110 పోయాయి. తర్వాత ఇప్పటిదాకా 30. మిగిలిన 360 ప్రతులు మంచం కింద పెట్టెల్లో ఉన్నాయి. రోజూ ఫేస్‌బుక్‌లో పోస్టు పెడుతున్నాను. లైకులు వస్తాయి, ఆర్డర్లు రావు. ఒక ప్రమోషన్ సంస్థవాళ్లు ఆన్‌లైన్‌లో 50 సమీక్షలు రాయించి, బెస్ట్ సెల్లర్ చేసి పెడతామంటున్నారు. డబ్బు ముందే కట్టాలట. నా పుస్తకం గురించి నేనే చెప్పుకోవడం చిన్నతనంగా ఉంటుంది. ఈ గొడవలో పడి రెండో నవల సగంలో ఆగిపోయింది. ఒక స్నేహితురాలు మాత్రం "ఆ 'ఎవరమ్మాయివి నువ్వు' పేజీ దగ్గర పుస్తకం మూసేసి మా అమ్మకి ఫోన్ చేశాను" అంది. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు. వెనక అట్ట ఫోటో జత చేస్తున్నాను. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో మంచం కింద ఉన్న 360 ప్రతుల గురించి నాలుగు చోట్ల బాధ కనిపించింది. బయటికి వెళ్లిన 140 గురించి మాత్రం ఒక్క వాక్యమే ఉంది, అదీ చివర్లో. మీ సమస్యకు దారి ఆ ఒక్క వాక్యంలోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఒక మనిషి మీ పుస్తకం సగంలో మూసి తల్లికి ఫోన్ చేసింది. రాసేవాళ్లకు దీనికంటే పెద్ద కబురు ఏముంటుంది! అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదన్నారు. మీరు అడిగారా?

అడిగి ఉండరని నా ఊహ. నేనూ అడిగేదాన్ని కాదు. నా రెండో పుస్తకం వచ్చినప్పుడు తెలిసినవాళ్లందరికీ ఒకటే సందేశం పంపాను, పుస్తకం వచ్చింది, కొని చదవండి, నలుగురికీ చెప్పండి అని. ఒక పెద్దాయన తిరిగి రాశారు: "ఇది నాకు పంపావా, అందరికీ పంపావా?" ఆయన నా మొదటి పుస్తకం రెండుసార్లు చదివి, పేజీ అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న మనిషి. ఆ సంగతి నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. ఏం రాసుకున్నారో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

కాబట్టి ముందు చేయాల్సిన పని ఒకటే. ఆ 140 మందిలో ఓ ఇరవై మందికి ఫోన్ చేయండి. ఫోనే చేయండి, సందేశం వద్దు. బాగుందా అని అడగకండి. ఆ ప్రశ్నకు అందరూ బాగుందనే అంటారు, మీకేమీ తెలియదు. ఎక్కడి దాకా చదివారు, ఏ చోట ఆగారు, ఏది గుర్తుండిపోయింది, చదువుతుంటే ఎవరు గుర్తొచ్చారు అని అడగండి. చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. చదువుతున్నప్పుడు మనకు గుర్తొచ్చే మనిషే ఆ పుస్తకానికి తర్వాతి పాఠకుడు. మా అక్క గుర్తొచ్చింది, అత్తగారిని చూసుకుంటోంది అని ఒకరంటే, ఆ అక్క దగ్గరికి పుస్తకం ఎలా వెళ్తుందో అక్కడికక్కడే మాట్లాడుకోండి.

కొందరు ఇంకా మొదలుపెట్టలేదని అంటారు. సభలో కొన్న పుస్తకాలు చాలావరకు మర్యాద కోసం కొన్నవే ఉంటాయి, నొచ్చుకోకండి. తీరికైనప్పుడు ఫలానా పేజీ నుంచి మొదలుపెట్టి చూడండి అని చెప్పి వదిలేయండి. కొందరు విసుగొచ్చి ఆపేశామంటారు. ముగ్గురు ఒకే చోట ఆగారంటే అది రెండో నవలకు పనికొచ్చే పాఠం. వాళ్లు అన్న మాటలు అన్నట్టుగానే ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మీ భాషలోకి మార్చకండి. ప్రచారానికి కావలసిన వాక్యాలు అందులోంచే వస్తాయి.

ఎందుకంటున్నానో మీ వెనక అట్ట చూస్తే తెలుస్తుంది. మీరు వేయించింది ఇది: "మానవ సంబంధాల లోతులను స్పృశిస్తూ, అనుబంధాల మాధుర్యాన్ని ఆవిష్కరిస్తూ, ప్రతి ఒక్కరి హృదయాన్నీ తాకే అపురూప నవల." ఈ వాక్యం తీసుకెళ్లి మరో వెయ్యి నవలల మీద అతికించినా అతుక్కుంటుంది. అంటే మీ నవల గురించి ఇందులో ఏమీ లేదు. చేతిలోకి తీసుకుని తిప్పి చూసినవాళ్లకు కథేమిటో తెలియదు, ఎవరి కథో తెలియదు, తమకెందుకో తెలియదు. అదే సమయంలో మీరు నాకు రాసిన ఉత్తరంలో కథను మూడు వాక్యాల్లో చెప్పారు, అక్కడ నేను ఆగిపోయాను. ఆ మూడు వాక్యాలనే కొంచెం సర్ది చూశాను:

"ఆరేళ్లుగా అమ్మను కంటికి రెప్పలా చూసుకుంటోంది. ఒకరోజు అమ్మ ఆమెను నిలబెట్టి అడిగింది: ఎవరమ్మాయివి నువ్వు? ఆ రోజు నుంచి కూతురు రోజుకో జవాబు చెబుతోంది. ఒకనాడు నర్సు, ఒకనాడు పక్కింటి పిల్ల, ఒకనాడు అమ్మ చిన్ననాటి స్నేహితురాలు. ఆ స్నేహితురాలికి అమ్మ చెప్పింది మాత్రం కూతురు వినకూడని మాట."

ఇందులో నా కల్పన చాలా తక్కువ. కథ మీది, వాక్యాలు దాదాపు మీవే. అపురూపం అనీ హృదయాన్ని తాకుతుందనీ ఎక్కడా చెప్పలేదు, ఆ మాట చదివినవాళ్లు చెప్పాలి. ఉన్న 360 ప్రతుల అట్ట మార్చలేరు, నిజమే. కానీ ఆన్‌లైన్ దుకాణాల్లో పుస్తకం కింద ఉండే వివరణ ఈ రోజే మార్చవచ్చు. మీ ఫేస్‌బుక్ పేజీ మొదట్లో కనిపించే పోస్టు మార్చవచ్చు. పుస్తకంతో పాటు ఇచ్చే చిన్న కార్డు మీద వేయించవచ్చు. ఎవరైనా మీ నవల దేని గురించి అని అడిగితే నోటితో చెప్పాల్సింది కూడా ఇదే. ఇరవై సెకన్లు పడుతుంది. అద్దం ముందు కాదు, ఎదుట ఒక మనిషిని కూర్చోబెట్టుకుని చెప్పి చూడండి. "తర్వాత?" అని వాళ్లు అడిగితే సరిగ్గా చెప్పినట్టే.

ఆన్‌లైన్ దుకాణంలో చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. త్వరగా చెప్పేస్తాను. పుస్తకాన్ని గుర్తుపట్టే 13 అంకెల సంఖ్య, ఐఎస్‌బీఎన్, ఉందో లేదో చూడండి. అది లేకపోతే గ్రంథాలయాలు, పెద్ద దుకాణాలు తమ జాబితాలోకి ఎక్కించుకోవడం కష్టం. అచ్చు పుస్తకానికి, ఈ-బుక్కుకు, ఆడియోకు వేర్వేరు సంఖ్యలుండాలి. పుస్తకాన్ని "నవల" అన్న పెద్ద విభాగంలో మాత్రమే పడేయకుండా కుటుంబ కథలు, వృద్ధాప్యం, సంరక్షణ లాంటి దగ్గరి విభాగాల్లో కూడా చేర్చండి. వెతికేవాళ్లు వాడే మాటలు కీవర్డ్లుగా ఇవ్వండి. ముఖచిత్రం ఫోన్ తెర మీద బొటనవేలి గోరంత కనిపిస్తుంది, ఆ సైజులో మీ పేరూ పుస్తకం పేరూ చదవగలుగుతున్నారో లేదో చూడండి. మొదటి అధ్యాయం ఉచితంగా చదివే వీలు కల్పించండి. పుస్తకం ఎక్కడ దొరుకుతుంది అన్న ప్రశ్నకు ఒకే ఒక లింకు జవాబుగా ఉండాలి. నాకు సందేశం పెట్టండి, వివరాలు పంపుతాను అన్నారంటే కొనాలనుకున్నవాళ్లలో సగంమంది అక్కడే జారిపోతారు.

ఇక అసలు సంగతి, మీ పాఠకులు ఎవరు? అందరూ అంటారేమో. కొత్తగా రాసిన ప్రతివాళ్లమూ అదే అనుకుంటాం. కానీ అందరూ ఒక చోట దొరకరు, అందరికీ ఒక మాట నప్పదు. మీ నవలకు మాత్రం చాలామంది రచయితలకు లేని అదృష్టం ఉంది. దాన్ని ఆకలిగా చదివే మనుషులు ఎవరో తెలుసు, ఎక్కడుంటారో కూడా తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి 5.7 కోట్ల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు. వాళ్లలో చాలామంది పక్కన ఒక కూతురో కొడుకో కోడలో జీవిత భాగస్వామో ఉన్నారు. ఆరేళ్లు మీరున్నట్టే. ఆ రోజుల్లో రాత్రి అమ్మ నిద్రపోయాక మీరు ఏం చదివేవారు? ఎవరితో మాట్లాడేవారు? ఏ గ్రూపులో ప్రశ్నలు అడిగేవారు? ఏ డాక్టరు గది బయట కూర్చునేవారు? మీ పాఠకులు ఇప్పుడు అక్కడే కూర్చుని ఉన్నారు.

సంరక్షకుల సహాయ బృందాలు, వృద్ధుల ఆరోగ్యం మీద పనిచేసే సంస్థలు, వృద్ధులకు వైద్యం చేసే జెరియాట్రిక్ వైద్యులు, నర్సింగ్ కళాశాలలు, వాటి గ్రంథాలయాలు... వీటికి వెళ్లండి. అయితే ఒక హెచ్చరిక. సంరక్షకుల గ్రూపులో చేరీ చేరగానే పుస్తకం లింకు పెట్టకండి. వాళ్లు అక్కడికి వచ్చింది మోయలేని బరువు దించుకోవడానికి, కొనుగోళ్లకు కాదు. గ్రూపు నడిపేవారికి విడిగా రాయండి. మీ ఆరేళ్ల అనుభవం రెండు వాక్యాల్లో చెప్పి, ఒక ప్రతి పంపవచ్చా అని అడగండి, కావాలంటే ఒక సాయంత్రం వచ్చి సభ్యులతో మాట్లాడతానని చెప్పండి. వాళ్లు చదివి, వాళ్ల నోటితో చెబితే ఆ మాటకు ఉండే బరువు మీ వంద పోస్టులకు ఉండదు. డిమెన్షియాకు ముఖ్య కారణమైన జబ్బు అల్జీమర్స్. సెప్టెంబర్ 21 ప్రపంచ అల్జీమర్స్ దినం, ఆ నెలంతా ఈ విషయం మీద కార్యక్రమాలు జరుగుతాయి. వక్తల కోసం, వ్యాసాల కోసం అప్పుడు వెతుకుతారు. సెప్టెంబర్‌లో రాస్తే ఆలస్యమైపోయినట్టే, జూన్ జూలైల్లోనే రాయాలి. ప్రచారంలో ఈ క్యాలెండర్ సంగతి చాలామంది పట్టించుకోరు. పత్రికలవాళ్లకు ఫలానా తేదీకి ఫలానా విషయం కావాలి, మీ దగ్గర అది ఉంది.

పత్రికల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఎనిమిది నెలల తర్వాత సమీక్ష కోసం పుస్తకం పంపితే ఎక్కువచోట్ల పక్కన పెట్టేస్తారు, సమీక్షల పేజీకి కొత్త పుస్తకాలు కావాలి. ఆ తలుపు మూసుకుంటే మరోటి తెరిచే ఉంది. మీరే ఒక వ్యాసం రాయండి. కన్నతల్లి గుర్తుపట్టని కూతురిగా ఆరేళ్లు ఎలా గడిచాయో, ఏ తప్పులు చేశారో, ఏది తెలిసి ఉంటే బాగుండేదో రాయండి. వ్యాసంలో నవల ప్రస్తావన ఎక్కడా అక్కర్లేదు. చివర్లో రచయిత పరిచయంలో "ఈ అనుభవం నేపథ్యంగా నవల రాశారు" అని పేరుతో ఒక్క వాక్యం ఉంటే చాలు. వ్యాసం కదిలించిన వాళ్లు పుస్తకాన్ని వెతుక్కుంటారు. పాడ్‌కాస్టులకూ ఇదే వర్తిస్తుంది. మిమ్మల్ని పిలవాల్సింది నవలా రచయితగా కాదు, చెప్పడానికి ఒక బతుకున్న మనిషిగా.

చదివి వినిపించే అవకాశం వస్తే వదులుకోకండి. కానీ సిద్ధమై వెళ్లండి. ఇంగ్లిష్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1858 నుంచి టికెట్టు పెట్టి తన రచనలు చదివి వినిపించేవాడు. అంతటి రచయిత కూడా అచ్చయిన పేజీలను ఉన్నవున్నట్టు చదవలేదు. వినిపించడానికి వేరే ప్రతులు తయారుచేసుకుని, వర్ణనలు కొట్టేసి, ఎక్కడ గొంతు తగ్గించాలో అంచుల్లో రాసుకుని, మళ్లీ మళ్లీ సాధన చేసేవాడు. మీరూ ఏడెనిమిది నిమిషాల ముక్క ఒకటి ఎంచుకోండి. ఎలాగూ ఆ ప్రశ్న ఉన్న పేజీనే. దానికి ముందు రెండు పేరాలు ఎత్తేయాల్సి వస్తే ఎత్తేయండి. రహస్యం బయటపడే చోటుకు ఒక్క వాక్యం ముందు ఆపేయండి. ఆ బల్ల దగ్గరే పుస్తకాలు ఉండాలి, చిల్లర ఉండాలి, డిజిటల్‌గా కట్టే ఏర్పాటు ఉండాలి. విన్న పది నిమిషాల్లో ఉండే కోరిక ఇంటికెళ్లేదాకా నిలవదు.

ఇప్పుడు ఆ సంస్థ గురించి. దయచేసి డబ్బు కట్టకండి. వాళ్లు అమ్ముతున్న రెండు సరుకుల్లోనూ పస లేదు.

మొదటిది 50 సమీక్షలు. డబ్బిచ్చి రాయించిన సమీక్షలను అమెజాన్ నిషేధించింది. కుటుంబ సభ్యులూ దగ్గరి స్నేహితులూ రాసినవి కూడా అక్కడ ఒప్పుకోరు. పట్టుబడితే సమీక్షలు తొలగిస్తారు, ఖాతా మీదకే రావచ్చు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నకిలీ సమీక్షలు కొనడాన్నీ అమ్మడాన్నీ నిషేధిస్తూ చేసిన నియమం 2024 అక్టోబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, చదవని మనిషి రాసిన పొగడ్త పాఠకుడికి రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. ఒకసారి ఆ అనుమానం వచ్చిందంటే నిజంగా చదివి రాసిన మీ స్నేహితురాలి మాట మీద కూడా నమ్మకం పోతుంది. మీ పుస్తకానికి మీరే అంత అన్యాయం చేసుకోకండి.

రెండోది బెస్ట్ సెల్లర్ ముద్ర. ఆన్‌లైన్ దుకాణంలో ర్యాంకులు గంటల లెక్కన మారుతుంటాయి, విభాగాల వారీగా ఉంటాయి. పెద్దగా పుస్తకాలు లేని ఒక మారుమూల విభాగంలో పుస్తకాన్ని పెట్టి, ఒకే పూట కొన్ని ప్రతులు కొనిపిస్తే కాసేపు మొదటి స్థానంలో కనిపిస్తుంది. దాన్ని ఫోటో తీసి ఇస్తారు. మర్నాటికి పుస్తకం ఎక్కడుండాలో అక్కడుంటుంది. మీ దగ్గర మాత్రం ఫోటో, ఖాళీ అయిన జేబు మిగులుతాయి.

ఇలాంటి అడ్డదారులు పాతవే. 1855లో అమెరికన్ కవి వాల్ట్ విట్‌మన్ తన కవితల పుస్తకం సొంతంగా వేసుకుని, దాని మీద పేరు పెట్టకుండా తనే సమీక్షలు రాసి పత్రికల్లో వేయించాడు. అప్పటికే పేరున్న రచయిత ఎమర్సన్ అభినందిస్తూ తనకు వ్యక్తిగతంగా రాసిన ఉత్తరంలోంచి ఒక వాక్యం తీసి, ఆయన్ను అడక్కుండానే, మరుసటి ఏడాది రెండో ముద్రణ వెన్ను మీద బంగారు అక్షరాలతో అచ్చు వేయించాడు. విట్‌మన్ కవిత్వం మీద ఎంత గౌరవం ఉన్నా, ఈ పనులను నేను సమర్థించలేను. మీ స్నేహితురాలి ఫోన్ మాట వాడుకోవాలనుకుంటే ముందు ఆమెను అడగండి. అడిగితే సంతోషంగా ఒప్పుకుంటుంది, అడక్కపోతే నొచ్చుకుంటుంది.

నిజాయితీగా సమీక్షలు తెచ్చుకునే దారి నెమ్మదైనదే కానీ ఉంది. ఫోన్ చేసిన ఇరవై మందిలో పుస్తకం నచ్చిందని తమంతట తాము చెప్పిన వాళ్లలో, మీకు మరీ దగ్గరివాళ్లు కానివాళ్లను, "ఇప్పుడు నాతో అన్న ఈ మాటే అక్కడ రెండు వాక్యాలు రాస్తారా?" అని అడగండి. ఫలానాగా రాయమనకండి, నక్షత్రాల సంఖ్య చెప్పకండి. చాలామందికి సమీక్ష అంటే పెద్ద వ్యాసం రాయాలన్న భయం ఉంటుంది. అన్న మాటే చాలంటే ఆ భయం పోతుంది. పుస్తకం ఉచితంగా ఇచ్చి అభిప్రాయం అడగడం తప్పు కాదు, మంచిగానే రాయాలన్న షరతు పెట్టడం తప్పు. పది నిజమైన సమీక్షలు వస్తే, అందులో ఒకటి పెదవి విరిచినా, నమ్మకం కుదురుతుంది.

రోజూ పెడుతున్న ఫేస్‌బుక్ పోస్టుల గురించి కూడా చెప్పాలి. మీ గోడ చూశాను. ముఖచిత్రం, ధర, కొనండి. మర్నాడు మళ్లీ అదే. మొదటిసారి లైకు కొట్టినవాళ్లు స్నేహంతో కొట్టారు, నలభయ్యోసారి అలవాటుగా కొడుతున్నారు. దానికి తోడు ఆ వేదిక మన చేతిలో లేదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ స్నేహితుల, బంధువుల పోస్టులకు ముందుచోటు ఇస్తామని, పేజీల పోస్టులు తగ్గుతాయని ప్రకటించింది. ఏళ్ల తరబడి పేజీలు పెంచుకున్న రచయితలకు పాఠకులు ఒక్కసారిగా దూరమయ్యారు. 2019లో ఫేస్‌బుక్ లాంటిదే అయిన గూగుల్ ప్లస్ మామూలు వాడకందార్లకు పూర్తిగా మూతపడింది. అందుకే పాఠకుల ఈమెయిల్ జాబితా మీ దగ్గర ఉండాలి. చిన్నదైనా ఫరవాలేదు. ఇష్టపడి ఇచ్చినవాళ్లవే తీసుకోండి, వద్దనుకుంటే ఒక్క నొక్కుతో బయటికి వెళ్లే వీలుండాలి. ఎక్కడైనా మాట్లాడినప్పుడు ఒక కాగితం తిప్పండి. మిగిలిన 360 ప్రతుల్లోనూ ఒక చీటీ పెట్టండి: "చదివాక ఎవరు గుర్తొచ్చారో నాకు రాయండి" అని మీ చేతిరాతతో, కింద మీ ఈమెయిల్. నెలకొక ఉత్తరం రాస్తే చాలు. అందులో అమ్మకం ప్రస్తావన ఎప్పుడో ఒకసారి రావాలి, మిగతాదంతా వాళ్లకు పనికొచ్చేది, మీకు ఇష్టమైనది.

ఫేస్‌బుక్ మానేయమనడం లేదు. వారానికి ఒక్కసారి, ఒక జ్ఞాపకమో నవల్లోని ఒక పేరానో పాఠకులు పంపిన మాటో పెట్టండి. అమెరికన్ రచయిత ఆండీ వియర్ తన "ది మార్షియన్" నవలను మొదట సొంత వెబ్‌సైట్‌లో ఒక్కో అధ్యాయంగా ఉచితంగా పెట్టాడు. చదువుతున్నవాళ్లే అమెజాన్ ఈ-బుక్కుల దుకాణం కిండిల్‌లో పెట్టమని అడిగితే 2011లో అక్కడ వీలైన అతి తక్కువ ధరకు, 99 సెంట్లకు పెట్టాడు. పెద్ద ప్రచురణ సంస్థ ముద్రణ 2014లో వచ్చింది. పాఠకులు ముందు, అమ్మకం తర్వాత. అందరికీ అంతటి ఫలితం వస్తుందని చెప్పను. వరస మాత్రం అదే.

డబ్బు పెట్టి ప్రకటనలు ఇవ్వాలా అంటే, ఇప్పుడే వద్దు. లెక్క చూడండి. ఒక ప్రతి మీద ఖర్చులన్నీ పోను మీకు వంద మిగులుతుందనుకుందాం. ప్రకటన మీద ఒక్కో నొక్కుకు పది ఖర్చయితే, నొక్కిన పదిమందిలో ఒకరు కొంటేనే పెట్టింది తిరిగొచ్చింది. లాభం ఇంకా మొదలవలేదు. చేతిలో ఒకే పుస్తకం ఉన్న రచయితకు ఇది అరుదుగా గిట్టుబాటవుతుంది. నాలుగైదు పుస్తకాలున్నవాళ్లకు ఒకటి చదివినవాళ్లు మిగతావీ కొంటారు కాబట్టి లెక్క మారుతుంది.

ఇక చిన్నతనం అన్నారే, ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. నన్ను చూడండి, నన్ను మెచ్చుకోండి అని అడగడం ఇబ్బందిగానే ఉంటుంది, ఉండాలి కూడా. కానీ రాత్రి రెండు గంటలకు తల్లి లేచి "ఎవరమ్మాయివి?" అంటే ఏం చెప్పాలో తెలియక గోడకు ఆనుకుని కూర్చున్న మనిషికి, నేనూ అలా కూర్చున్నాను, ఇదిగో రాశాను అని చెప్పడంలో చిన్నతనం ఎక్కడుంది? ఆ రోజుల్లో మీ చేతికి ఇలాంటి పుస్తకం ఎవరైనా ఇచ్చి ఉంటే వాళ్లను తప్పుపట్టేవారా? పుస్తకం ఎవరికి అవసరమో వాళ్లకే చెబుతున్నప్పుడు గొంతు దానంతట అదే మారుతుంది. అవసరం లేనివాళ్లకు చెప్పాల్సి వచ్చినప్పుడే అది అరుపులా మారి మనకే వినబుద్ధి కాదు. మీకు కలిగిన సిగ్గు చాలావరకు తప్పు చోట చెప్పడం వల్ల వచ్చిందని నా నమ్మకం.

మంచం కింద పెట్టెలు మీ ఒక్కరివే కావు. అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో మొదటి పుస్తకం 1849లో వెయ్యి ప్రతులు వేశారు. అమ్ముడవకపోతే ఖర్చు తానే భరిస్తానని ఒప్పుకున్నాడు. నాలుగేళ్లకు, 1853లో, ప్రచురణకర్త 706 ప్రతులు తిప్పి పంపాడు. వాటిని తనే మోసుకుంటూ మేడ మీదికి చేర్చి, నా గ్రంథాలయంలో దాదాపు తొమ్మిది వందల పుస్తకాలున్నాయి, అందులో ఏడు వందలకు పైగా నేను రాసినవే అని డైరీలో రాసుకున్నాడు. ఆ రాత్రి కూడా ఎప్పటిలాగే రాయడానికి కూర్చున్నానని అదే చోట రాశాడు. ఆయన్ను ప్రపంచం గుర్తుపెట్టుకునేలా చేసిన రెండో పుస్తకం "వాల్డెన్" 1854లో, అంటే ఆ పెట్టెలు ఇంటికొచ్చిన మరుసటి ఏడాదే వచ్చింది.

అందుకని రెండో నవలను ఈ పని కింద పడనివ్వకండి. రోజులో మీ బుర్ర చురుగ్గా ఉండే గంటలు దానికే ఇవ్వండి. ప్రచారానికి వారంలో రెండు పూటలు, అదీ సాయంత్రాలు. ఒక పూట ఫోన్లకు, ఒక పూట ఉత్తరాలకు. రోజూ ఫేస్‌బుక్ తెరిచి లైకులు లెక్కపెట్టే సమయం మిగిలితే అదే సరిపోతుంది. రెండో నవల అచ్చుకు వెళ్లే మూడు నాలుగు నెలల ముందే ఓ పాతికమందికి ముందస్తు ప్రతులు ఇవ్వాలి, సమీక్షకులకు అప్పుడే పంపాలి. ఈసారి 500 ఒక్కసారే వేయించకుండా అడిగినప్పుడు అడిగినన్ని అచ్చువేసే ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతి చూడండి. ప్రతి ఒక్కింటికీ ఖర్చు కాస్త ఎక్కువే, మంచం కింద మాత్రం ఏమీ చేరదు. అవన్నీ మరో ఉత్తరంలో మాట్లాడుకుందాం.

ఈ వారం మాత్రం ఇరవై ఫోన్లు. మొదటి ఫోన్ మీ స్నేహితురాలికే చేయండి. ఆ రోజు పుస్తకం మూసి ఫోన్ చేసినప్పుడు వాళ్లమ్మతో ఏం మాట్లాడిందో అడగండి. తర్వాత వెనక అట్ట మాటలు మీరే మళ్లీ కొత్తగా రాసి నాకు పంపండి. నేను రాసిందాన్ని పక్కన పెట్టి రాయండి. చదివి, ఏ వాక్యం దగ్గర ఆగానో చెబుతాను.